ఫిల్టర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య

కొత్త బ్యాటరీ వేయించిన మర్నాటి నుంచే కారు సిగ్నళ్ళ దగ్గర ఆగిపోతోందని మొత్తుకునేవాళ్ళు ప్రతి షెడ్డులోనూ ఒకరిద్దరు తగులుతారు. పాత బ్యాటరీతో ఏ ఇబ్బందీ లేదు. కొత్తది వేశాక బండి స్టార్ట్ అవుతుంది, రోడ్డు మీద బాగానే పోతుంది. తీరా బ్రేకు వేసి న్యూట్రల్‌లోకి తెచ్చేసరికి ఆర్‌పీఎం ముల్లు కిందికి జారి ఇంజన్ ఆగిపోతుంది. ఏసీ వేసి ఉంటే మరీనూ. యజమాని నేరుగా బ్యాటరీ షాపుకు వెళ్ళి గొడవ పెట్టుకుంటాడు. షాపతను మీటరు పెట్టి వోల్టేజీ చూపిస్తాడు. అది నిక్షేపంగా ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. లోపం బ్యాటరీది కాదు. కానీ బ్యాటరీ మార్చడం వల్లే అది బయటపడింది. అసలు లోపం బానెట్ కింద, అరచేతిలో ఇమిడే ఒక గుండ్రటి రేకు మీద నల్లటి జిగురు రూపంలో ఎన్నాళ్ళ నుంచో పేరుకుని ఉంది.

ఆ రేకు పని గాలిని అదుపు చేయడం. ఎంత గాలి అన్న లెక్క చూస్తే మిగతా సంగతులు సులువుగా అర్థమవుతాయి. కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోల్ సుమారు 740 గ్రాములు తూగుతుంది కాబట్టి లీటరుకు దాదాపు 11 కిలోల గాలి, కొలతలో చెబితే 9,000 లీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు. లీటరుకు 20 ఇచ్చే చిన్న కారు ఆ దారిలో 14 లీటర్ల దాకా పెట్రోల్ కాలుస్తుంది, 1,25,000 లీటర్ల గాలి లాక్కుంటుంది. పదడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గదులు నాలుగింటిని ఖాళీ చేసినా ఇంకా చాలదు. ఇదే లెక్కన 40,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఇంజన్‌లోకి వెళ్ళిన గాలి 1 కోటి 80 లక్షల లీటర్లు, అంటే 18,000 ఘనపు మీటర్లు.

అందులో దుమ్మెంత?

గాలిలో పీఎం 10 అనే సన్నటి ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశంలో ఉన్న ప్రమాణం. గాలి సరిగ్గా ఆ హద్దులో ఉందనుకుంటే 40,000 కిలోమీటర్లకు ఆ గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ చేతికి చిక్కేది 1.8 గ్రాములు. టీ స్పూను కూడా నిండదు. అయితే ఆ ప్రమాణం ఊరి గాలికి సంబంధించింది. కంకర లారీ వెనకాల, కిటికీ అద్దాలు ఎక్కించుకుని, మట్టిరోడ్డు మీద పోతున్నప్పుడు బంపర్ ఎత్తున లేచే దుమ్ము ఆ ప్రమాణానికి ఎన్నో రెట్లు ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టూ తిరిగే జీపు, తాండూరు నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ల మధ్య తిరిగే కారు, కొత్తగూడెంలో బొగ్గు లారీల వెంట పోయే టాక్సీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రమే తిరిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కారు: ఈ నాలుగింటి మీటర్లూ 10,000 చూపించినా వాటి ఫిల్టర్లు తిన్న దుమ్ముకు పోలికే ఉండదు. కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో సర్వీస్ పట్టిక తర్వాత ‘తీవ్ర పరిస్థితులు’ పేరుతో ఇంకో చిన్న పట్టిక ఉంటుంది. దాన్ని తిరగేసేవాళ్ళు అరుదు. మన దగ్గర సగం కార్లు నడిచేది ఆ రెండో పట్టికలోనే అని చెబితే పెద్ద అతిశయోక్తి కాదు. మంచి రోడ్ల మీద నడిచే పెట్రోల్ కారుకు ఫిల్టర్ మార్చే గడువు చాలా మోడళ్ళలో 40,000 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. దుమ్ములో తిరిగే బండికి ఆ అంకె వర్తించదని అదే పుస్తకం చెబుతుంది.

దుమ్ము అంటే మెత్తటి మట్టి కదా, ఇనుమును ఏం చేస్తుందని అనిపించవచ్చు. రోడ్డు దుమ్ములో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుక పొడి. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ ఇసుకది 7వ స్థానం. సిలిండర్ గోడలు చేసే పోత ఇనుము అంతకంటే మెత్తన. పిస్టన్ రింగుకూ బోరుకూ మధ్య ఆయిల్ పొర మందం కొద్ది మైక్రాన్లు. ఆ పొర మందంతో సరితూగే రేణువు అక్కడ ఇరుక్కుంటే గీరుకుంటూ పోతుంది. కంటికి కనిపించే ఇసుక రేణువు కంటే కనిపించని ఈ పొడే ప్రమాదం. ఇది ఒక రోజులో తెలిసే నష్టం కాదు. రెండు మూడేళ్ళకు ఆయిల్ తగ్గడం, సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ, ‘బండి ఆయిల్ తాగుతోంది, బోరు పని చేయించాలి’ అన్న మెకానిక్ మాట. అప్పటికి కారణం ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

ఒక్కోసారి ఆ నష్టం త్వరగానే బయటపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ తన టీ-34 ట్యాంకును పరీక్ష కోసం అమెరికాకు పంపింది. మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఆబర్డీన్ పరీక్షా క్షేత్రంలో దాన్ని నడిపి చూశారు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగేసరికే ఇంజన్‌లోకి దుమ్ము చేరి పిస్టన్లు, సిలిండర్లు బాగుచేయలేనంతగా పాడయ్యాయి. కవచం వాలు, డీజిల్ ఇంజన్ డిజైన్ బాగున్నాయని మెచ్చుకున్న అమెరికన్లు ఎయిర్ క్లీనర్‌ను మాత్రం చీల్చి చెండాడారు. అంత పెద్ద ఇంజన్‌ను ఓడించింది శత్రువు గుండు కాదు, ఫిల్టర్ దాటిన పొడి.

ఇక్కడ గమనించాల్సిన మాట ‘ఫిల్టర్ దాటిన’ అన్నది. ఫిల్టర్ మీద ఉన్న దుమ్ము ఇంజన్‌కు శత్రువు కాదు. నిజానికి మడతలు మడతలుగా ఉండే ఆ కాగితం సరికొత్తగా ఉన్నప్పుడే అతి తక్కువగా వడకడుతుంది. కాస్త వాడాక పైన పేరుకున్న పల్చటి దుమ్ము పొర తానే రెండో జల్లెడగా పనిచేసి ఇంకా సన్నటి రేణువులను ఆపుతుంది. కాబట్టి ఫిల్టర్ కొంచెం బూడిదరంగుకు తిరిగిందని ప్రతి నెలా తీసి దులపడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. అందులోనూ మన దగ్గర ఎక్కువగా కనిపించే పద్ధతి టైర్లకు గాలి కొట్టే పైపును ఫిల్టర్‌కు ఆనించి పూర్తి ప్రెషర్‌తో ఊదడం. ఎగిరే దుమ్ము చూసి యజమాని తృప్తి పడతాడు. ఆ ఒత్తిడికి కాగితంలో పడే సన్నటి చిల్లులు మాత్రం కనిపించవు. ఊదక తప్పదనుకుంటే ప్రెషర్ బాగా తగ్గించి, జానెడు దూరం నుంచి, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు ఊదాలి. లేదా మెల్లగా తట్టి ఊరుకోవాలి. కాగితం ఫిల్టర్‌ను నీళ్ళతో, షాంపూతో కడగడం, ఆయిల్ పూయడం అసలు పనికిరాని పనులు. కొత్త ఫిల్టర్ ధర చాలా చిన్న కార్లకు కొన్ని వందల రూపాయలే. అనుమానం వస్తే మార్చడమే చవక.

ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందన్న నమ్మకం మన షెడ్డుల్లో బాగా పాతుకుపోయింది. కార్బురేటర్ కాలంలో అది నిజమే. గాలి తగ్గితే పెట్రోల్ పాలు పెరిగి నల్లపొగ వచ్చేది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో దీన్ని పరీక్షించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త తరం కార్లతో పాటు కార్బురేటర్ ఉన్న 1972 నాటి పాంటియాక్ ఫైర్‌బర్డ్‌ను కూడా తీసుకుని, వాటి ఫిల్టర్లను కావాలని మూసుకుపోయేలా చేసి నడిపారు. పాత కారులో మాసిన ఫిల్టర్ తీసి కొత్తది వేస్తే మైలేజీ 2 నుంచి 6 శాతం మెరుగైంది. ఇంజెక్షన్ కార్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాటిలో మెరుగుపడింది పికప్: వేగం అందుకునే సమయం 6 నుంచి 11 శాతం తగ్గింది. కారణం సులువే. ఇంజెక్షన్ కారులో లోపలికి ఎంత గాలి వస్తోందో సెన్సర్ కొలుస్తుంది, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, దానికి తగ్గట్టే పెట్రోల్ వదులుతుంది. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది, ఇంజన్ బలమూ తగ్గుతుంది. కనుక మైలేజీ పడిపోయిందని వెళ్ళిన వాడికి ఫిల్టర్ ఒక్కటే మార్చి పంపితే సమస్య అక్కడే ఉంటుంది. టైర్లలో గాలి, బిగిసిన బ్రేకులు, ఆక్సిజన్ సెన్సర్ లాంటివి చూడాల్సి ఉంటుంది.

అందుకే ఫిల్టర్ దగ్గర చూడాల్సింది రంగు కాదు, అంచు. ఫిల్టర్ డబ్బా క్లిప్పులు విప్పే ముందు పైనున్న దుమ్మును తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే మూత తెరవగానే అదే లోపల పడుతుంది. ఫిల్టర్ బయటికి తీశాక ఇంజన్ వైపు ఉన్న డబ్బా భాగంలో వేలు పెట్టి రాయాలి. అక్కడ దుమ్ము అంటిందంటే ఫిల్టర్ పక్క నుంచి గాలి దూరుతోందన్నమాట. మూడు కారణాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది: ఫిల్టర్ చుట్టూ ఉండే రబ్బరు అంచు గట్టిపడి ఉంటుంది, ఫిల్టర్ గాడిలో సరిగ్గా కూర్చోలేదు, లేదా ఎవరో తొందరలో క్లిప్పు విరగ్గొట్టి వదిలేశారు. తక్కువ ధరకు దొరికే నకిలీ ఫిల్టర్లలో తరచుగా దెబ్బతినేది ఈ అంచే. కాగితం చూడటానికి బాగానే ఉంటుంది, రబ్బరు మాత్రం ప్లాస్టిక్‌లా బిరుసుగా ఉండి డబ్బాకు అతుక్కోదు. డబ్బా దాటాక థ్రాటిల్ దాకా వెళ్ళే రబ్బరు గొట్టాన్ని కూడా వంచి మడతల్లో పగుళ్ళున్నాయేమో చూడాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, పొలం గట్టు మీద షెడ్లలో నిలిపే కార్లకు ఇంకో బెడద ఎలుకలు. గొట్టం కొరకడమే కాదు, ఫిల్టర్ డబ్బాలో ఆకులు, దూది, చిప్స్ కవర్లు తెచ్చి గూడు కట్టుకున్న సందర్భాలు మెకానిక్‌లకు కొత్త కాదు.

ఈ రబ్బరు గొట్టం మొదట్లో కొన్ని కార్లకు ఎంఏఎఫ్ సెన్సర్ ఉంటుంది. వేడిచేసిన సన్నటి తీగ మీదుగా గాలి పోతుంటే అది ఎంత చల్లబడుతోందో చూసి గాలి బరువు లెక్కగట్టే పరికరం. మన దగ్గర చాలా చిన్న పెట్రోల్ కార్లలో ఇది ఉండదు, గాలి పీడనాన్ని బట్టి లెక్కగట్టే ఎంఏపీ సెన్సర్ ఉంటుంది. ఎంఏఎఫ్ ఉన్న బండిలో ఆ తీగను గుడ్డతో, ఇయర్‌బడ్‌తో తాకకూడదు. దానికోసమే దొరికే స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరాక బిగించాలి. ఆయిల్ పూసి వాడే ‘పర్ఫార్మెన్స్’ ఫిల్టర్లు వేసుకునే కుర్రాళ్ళకు ఒక హెచ్చరిక: ఆయిల్ ఎక్కువైతే అది వెళ్ళి అంటుకునేది ఈ తీగకే.

ఇక మొదట చెప్పుకున్న గుండ్రటి రేకు ఉండే థ్రాటిల్ బాడీ. ఫిల్టర్ అంత బాగా వడకడుతుంటే దాని తర్వాత ఉన్న థ్రాటిల్‌కు మురికి ఎలా పడుతుంది? అది బయటి దుమ్ము కాదు కాబట్టి. పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారే మండిన వాయువులు, ఇంజన్ ఆయిల్ ఆవిరి కలిసి క్రాంక్‌కేసులో చేరతాయి. పాత రోజుల్లో వాటిని గొట్టం ద్వారా రోడ్డు మీదికి వదిలేసేవారు. లాస్ ఏంజలెస్ పొగమంచుతో విసిగిన కాలిఫోర్నియా 1960ల తొలినాళ్ళలో ఆ ఆవిరిని మళ్ళీ ఇంజన్‌కే పంపాలని పట్టుబట్టింది. పీసీవీ అనే ఆ ఏర్పాటు తర్వాత అన్ని దేశాల కార్లలోకీ వచ్చింది. గాలి శుభ్రపడింది. ఆ ఆయిల్ ఆవిరి మాత్రం గాలి గొట్టంలోకి చేరింది. వేడి ఇంజన్‌ను ఆపాక లోపలి ఆవిర్లు పైకి లేచి, చల్లబడుతూ థ్రాటిల్ రేకు అంచున, దాని చుట్టూ ఉన్న బోరు గోడ మీద జిగురుగా అంటుకుంటాయి. కొన్నాళ్ళకు అది నల్లటి వలయం అవుతుంది. రేకు ముందువైపు తళతళలాడుతూ, ఇంజన్ వైపు మాత్రం దట్టంగా పట్టి ఉండటం మామూలే. గొట్టం తీసి టార్చి వేసి ‘శుభ్రంగానే ఉంది’ అనే తీర్పు అందుకే తరచూ తప్పుతుంది.

సిగ్నల్ దగ్గర ఇంజన్ ఐడ్లింగ్‌లో తిరిగేటప్పుడు ఆ రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. అంచు చుట్టూ మిగిలిన సన్నటి సందులోంచి వచ్చే గాలితోనే 700 నుంచి 850 ఆర్‌పీఎం నిలబడాలి. ఆ సందులో జిగురు చేరితే గాలి తగ్గుతుంది. ఈసీయూ దాన్ని కనిపెట్టి రేకును కొద్దిగా ఎక్కువ తెరుస్తుంది. మురికి పెరిగేకొద్దీ ఇంకొంచెం. ఆ కొత్త అంకెను గుర్తుపెట్టుకుని మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. డ్రైవర్‌కు ఏ తేడా తెలియదు. బ్యాటరీ విప్పినప్పుడు చాలా కార్లలో ఆ నేర్చుకున్న అంకె చెరిగిపోతుంది. ఈసీయూ కొత్త బండికి ఇచ్చినంత సందే ఇస్తుంది, మురికి పట్టిన రేకుకు అది చాలదు, ఇంజన్ ఆగుతుంది. బ్యాటరీ షాపు గొడవకు మూలం ఇదే.

ఆ మతిమరుపు లేకుండా కూడా ఒక దశ దాటాక లక్షణాలు కనిపిస్తాయి. ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది. మెకానిక్‌లు దీన్ని హంటింగ్ అంటారు. ఏసీ కంప్రెసర్ పట్టుకోగానే ఇంజన్ మునిగినట్టు తగ్గుతుంది. వేగంగా వచ్చి ఒక్కసారి న్యూట్రల్ చేస్తే ఆగిపోతుంది. కేబుల్ ఉన్న పాత కార్లలో పెడల్ మొదట కాస్త అతుక్కుని తర్వాత ఒక్కసారిగా కదులుతుంది. స్కానర్ పెడితే ఐడ్లింగ్ ఉండాల్సినదాని కంటే తక్కువగా ఉందని చెప్పే పీ 0506 కోడ్ పడవచ్చు.

అయితే ఇవే లక్షణాలు వేరే జబ్బులకూ ఉంటాయి, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. సిగ్నల్ దగ్గర కారు వణుకుతోందంటే ముందు ముల్లు చూడాలి. ముల్లు కదలకుండా నిలబడి, స్టీరింగూ సీటూ మాత్రం వణుకుతుంటే ఇంజన్ మౌంటింగులు పోయి ఉండవచ్చు. థ్రాటిల్ ఎంత కడిగినా ఆ వణుకు పోదు. ఐడ్లింగ్ తక్కువ కాకుండా ఎక్కువగా ఉండి, బానెట్ కింద చుయ్‌మని శబ్దం వస్తుంటే ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం చిట్లింది. వేగంలో కూడా మిస్సింగ్ కొడుతుంటే ప్లగ్గులో, కాయిల్‌లో వెతకాలి. ఊగుతున్నది ముల్లే అయి, ఆ ఊగడం తక్కువ ఆర్‌పీఎంలోనే ఉండి, యాక్సిలరేటర్ తొక్కగానే సర్దుకుంటుంటే అప్పుడు థ్రాటిల్ మీద అనుమానం న్యాయం.

ఆ అనుమానం లేకుండా ప్రతి సర్వీసుకూ థ్రాటిల్ క్లీనింగ్ అవసరమా? సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో ఎస్టిమేట్ చదివేటప్పుడు ‘థ్రాటిల్ బాడీ క్లీనింగ్ కూడా పెట్టేస్తున్నాం సార్, పికప్ బాగుంటుంది’ అన్న మాట దాదాపు ప్రతి ఒక్కరూ వింటారు. ఐడ్లింగ్ నిలకడగా ఉన్న బండికి పది వేల కిలోమీటర్లకొకసారి ఆ పని చేయించడం శుద్ధ దండగ. పికప్‌తో దానికి సంబంధం చాలా తక్కువ. యాక్సిలరేటర్ సగం తొక్కినప్పుడు రేకు చుట్టూ అంత ఖాళీ ఉన్నచోట అంచున ఉన్న పల్చటి జిగురు అడ్డమేమీ కాదు. పైగా కొన్ని థ్రాటిల్ బాడీల బోరు లోపల కంపెనీయే నల్లటి పూత వేసి పంపుతుంది. అది మురికి అనుకుని గీకి గీకి తీసేసే ఉత్సాహవంతులున్నారు. పూత పోయాక రేకు, గోడల మధ్య సందు పెరిగి ఐడ్లింగ్ ఎన్నటికీ సర్దుకోదు. 1990లలో ఫోర్డ్ కంపెనీ తన థ్రాటిల్ బాడీల్లో కొన్నింటి మీద ‘శుభ్రం చేయవద్దు’ అని స్టిక్కర్ అంటించి మరీ పంపింది. కౌంటర్‌లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఇప్పుడు ఐడ్లింగ్ ఎంత ఉందో, థ్రాటిల్ ఎంత శాతం తెరుచుకుంటోందో స్కానర్‌లో చూపిస్తారా?’ నిజంగా అవసరమున్న బండి అయితే ఆ తెర మీద అంకెలే చెబుతాయి. ఫిల్టర్ మార్చామన్నప్పుడు పాతది చూపించమని అడగడమూ, కొత్తదాని అంచు మీద స్కెచ్‌పెన్‌తో తేదీ, కిలోమీటర్లు రాయించుకోవడమూ తప్పేమీ కాదు.

సొంతంగా చేసుకునే ఓపిక ఉన్నవాళ్ళకు కేబుల్ థ్రాటిల్ అంత కష్టం కాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. గొట్టం క్లాంప్ వదులు చేసి తీశాక, థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను లోపలికి గుమ్మరించకుండా మెత్తటి గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి. పాత బనియన్ గుడ్డ మేలు. షెడ్డుల్లో వాడే దూది వేస్ట్ పోగులు వదులుతుంది, ఆ పోగులు ఇంజన్‌లోకే పోతాయి. అంచున గట్టిపడిన చోట మెత్తటి టూత్‌బ్రష్. స్క్రూడ్రైవర్, బ్లేడు, గరుకు కాగితం దగ్గరికి రానివ్వకూడదు. పెట్రోల్ ముంచిన గుడ్డ మన మెకానిక్‌లకు అలవాటే గానీ, వేడి ఇంజన్ పక్కన దాని ప్రమాదం చెప్పనక్కర్లేదు. క్లీనర్ స్ప్రే కూడా మండేదే. గాలి ఆడే చోట, చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకుని చేయాలి. డబ్బా కొనేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్‌కు హాని చేయదని రాసి ఉన్నదే తీసుకోవాలి. సిలికాన్ కలిసిన స్ప్రేలు ఆ సెన్సర్‌ను పాడుచేస్తాయి.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కు జాగ్రత్త రెట్టింపు కావాలి. దాని పక్కన చిన్న మోటారు, ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు ఉంటాయి. రేకును వేలితో బలంగా నెట్టితే ఆ పళ్ళు దెబ్బతినవచ్చు. పైగా వేలు లోపల ఉండగా ఎవరైనా తాళం తిప్పితే రేకు ఠక్కున కదులుతుంది. ఇలాంటి థ్రాటిల్‌ను బోల్టులు విప్పి బయటికి తీసి, మోటారు ఉన్న వైపు పైకి ఉండేలా పట్టుకుని, తడి దిగకుండా తుడిచి, రబ్బరు సీలు బాగుందో లేదో చూసి బిగించడం మంచి పద్ధతి. చేతనైన మెకానిక్‌కు వదిలేయడం ఇంకా మంచిది.

తుడిచాక వచ్చే ఆశ్చర్యానికి సిద్ధంగా ఉండాలి. బ్యాటరీ విప్పినా పాత అంకె చెరిగిపోని కార్లలో ఇంజన్ 1,500 ఆర్‌పీఎంతో హోరెత్తవచ్చు. మురికి రేకుకు సరిపడా ఎక్కువ తెరవడం నేర్చుకున్న ఈసీయూ శుభ్రమైన రేకును కూడా అంతే తెరుస్తుంది. కొన్ని కార్లు ఏసీ, లైట్లు ఆపి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, తర్వాత ఏసీ వేసి మరికాసేపు ఉంచి, ఊళ్ళో ఒక రౌండు తిప్పితే తామే సర్దుకుంటాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకు సాధారణంగా స్కానర్‌తో థ్రాటిల్ బేసిక్ సెట్టింగ్ చేయాలి. నిస్సాన్ వాటికి ఐడ్లింగ్ గాలిని మళ్ళీ నేర్పే ప్రత్యేక పద్ధతి ఉంది. అది స్కానర్‌తోనో, యాక్సిలరేటర్‌ను చెప్పిన సెకన్ల లెక్కన తొక్కి వదిలో చేస్తారు. ఏ మెకానిక్‌కైనా పని అప్పగించే ముందు ‘స్కానర్ ఉందా అన్నా?’ అని అడిగి తెలుసుకోవాలి. స్కానర్ లేనిచోట ఇలాంటి బండిని విప్పించడం ఇంకో షెడ్డు వెతుక్కోవడానికి దారి.

డీజిల్ కార్ల కథ వేరు. అక్కడ ఈజీఆర్ అనే ఏర్పాటు ద్వారా ఇంజన్‌లోకి వెనక్కి వచ్చే పొగలోని మసి, క్రాంక్‌కేసు ఆయిల్ ఆవిరి కలిసి గాలి గొట్టాల్లో తారులాంటి ముద్ద కడతాయి. థ్రాటిల్ ఫ్లాప్ ఒక్కటి తుడిస్తే చాలదు. మానిఫోల్డ్, ఈజీఆర్ వాల్వు విప్పి తీయాల్సిన పని, షెడ్డులో ఒక పూట పడుతుంది. సిలిండర్‌లోకే నేరుగా పెట్రోల్ చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో కార్బన్ పేరుకునేది ఇన్‌టేక్ వాల్వుల వెనకాల. మామూలు ఇంజెక్షన్‌లో పెట్రోల్ వాల్వు మీద పడి కడుగుతుంది, వీటిలో ఆ కడుగుడు లేదు. థ్రాటిల్ దగ్గర కొట్టిన స్ప్రే గట్టిపడిన ఆ కార్బన్‌ను కదిలించలేదు. అందుకే కొన్ని వర్క్‌షాపుల్లో వాల్‌నట్ చిప్పల పొడిని గాలితో కొట్టి దాన్ని రాలుస్తారు.

వర్షాకాలంలో గాలి దారికి దుమ్ము కంటే పెద్ద గండం నీళ్ళు. చిన్న కార్లలో గాలి లాగే గొట్టం మూతి సాధారణంగా గ్రిల్ వెనకాలో హెడ్‌లైట్ పక్కనో ఉంటుంది. నీళ్ళు బంపర్ దాటితే, లేదా ఎదురుగా వచ్చే బస్సు అలను లేపితే, ఆ మూతిలోంచి నీళ్ళు ఫిల్టర్ డబ్బాకూ అక్కడి నుంచి సిలిండర్‌కూ చేరతాయి. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, నీళ్ళు కుంచించుకుపోవు. పైకి వచ్చే పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదల్లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. నిలిపి ఉన్న కారు మునిగితే ఇంజన్ తిరగడం లేదు కాబట్టి రాడ్ వంగదు. వంగేది నీళ్ళు తగ్గాక ‘ఒకసారి కొట్టి చూద్దాం’ అని తాళం తిప్పినప్పుడు.

కాబట్టి నీళ్ళలో ఆగిన కారుకు సెల్ఫ్ కొట్టకూడదు. గేరులో వేసి తోయకూడదు. న్యూట్రల్‌లో పెట్టి గట్టుకు తోయించి, నీళ్ళు ఎంత ఎత్తు దాకా వచ్చాయో గుర్తు కనిపించేలా ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, బీమా కంపెనీకి చెప్పాక టోయింగ్ బండి పిలవాలి. మామూలు మోటారు పాలసీ నీళ్ళలో స్టార్ట్ చేసినందువల్ల పోయిన ఇంజన్‌కు డబ్బివ్వదు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ తీసుకుని ఉండాలి. షెడ్డుకు చేరాక మెకానిక్ మొదట తెరవాల్సింది ఫిల్టర్ డబ్బా. కాగితం పొడిగా ఉంటే ఇంజన్ బతికినట్టే అనుకోవచ్చు. తడిసి ఉంటే ప్లగ్గులు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి నీళ్ళు బయటికి రప్పించి, ఆయిల్ మార్చి, ఆ తర్వాతే తాళం.